మైకులో చదవమని కాగితం ఇచ్చేవారికి

సంపాదకుల వారికి నమస్కారాలు.

నేను విజయనగరంలో మైకు ప్రచారం చేసుకుని బతికేవాణ్ణి. ఆటో పైన రెండు హారన్లు, సీటు కింద బ్యాటరీ, పక్కన ఆంప్లిఫయరు, చేతిలో మైకు. సినిమాలు, చీరల ఎగ్జిబిషన్లు, బడుల్లో చేరికలు, ఎన్నికలు, పెద్దమనుషుల అంతిమయాత్రలు, ఈ చుట్టుపక్కల జనానికి ఏది చెప్పాలన్నా మాలాంటి వాళ్లను పిలుస్తారు. బొబ్బిలి, రాజాం, చీపురుపల్లి, ఒక్కోసారి శ్రీకాకుళం దాకా వెళ్తాను. వానలు పట్టి, జ్వరాలూ విరేచనాలూ మొదలయ్యాక ప్రభుత్వ కార్యాలయాల వాళ్లు కూడా పిలుస్తారు. ఆ ప్రచారం గురించే ఈ ఉత్తరం. ఏ ఊరి కార్యాలయమో, ఏ అధికారో రాయను. నేను చూసినంతలో అన్నిచోట్లా తీరు ఒకటే.

నా చేతికిచ్చే కాగితం ఇలా ఉంటుంది: "పట్టణ ప్రజలకు తెలియజేయునది ఏమనగా, సీజనల్ వ్యాధుల పట్ల అప్రమత్తంగా ఉండవలెను. కాచి చల్లార్చిన నీటినే తాగవలెను. పరిసరాలు పరిశుభ్రంగా ఉంచుకొనవలెను. ఎవరూ ఆందోళన చెందవలసిన అవసరం లేదు." డెంగీ వచ్చినా ఇదే, విరేచనాలు వచ్చినా ఇదే. జబ్బు పేరు మారుతుంది, కింద సంతకం మారుతుంది. కొన్నిచోట్ల ఇప్పుడు కాగితం కూడా లేదు. ఎక్కడో స్టూడియోలో చదివించిన గొంతును పెన్‌డ్రైవ్‌లో వేసి ఇస్తున్నారు. దాన్ని వాయించుకుంటూ వీధులన్నీ తిరిగి రావాలి.

అలా తిరుగుతుంటే ఆడవాళ్లు గుమ్మాల్లోకి వస్తారు. బండి వెనక నాలుగడుగులు వేస్తారు. "ఏటయినాది బాబూ? ఏ ఈదిలో?" అని అడుగుతారు. "మా కొళాయి నీల్లు తాగొచ్చా, తాగకూడదా? అదొక్కటీ సెప్పు" అంటారు. చంకలో పిల్లను పెట్టుకుని "డెంగూ అంతన్నారు, మా గుంటకి రాత్రి నుంచీ జొరం, ఇప్పుడెక్కడికెల్లాలి?" అని అడిగిన తల్లులు ఉన్నారు. వాళ్లు అడిగిన వాటిలో ఒక్కదానికీ కాగితంలో జవాబు ఉండదు. ఊరంతా వినపడేంత మైకు చేతిలో ఉండి, ఎదురుగా నిలబడ్డ మనిషికి చెప్పడానికి మాట లేకపోవడం చాలా బాధాకరం.

జనం అడిగేవి నాలుగే. ఎక్కడ జరిగింది, ఏం జరిగింది, ఇప్పుడు నేనేం చేయాలి, మళ్లీ ఎప్పుడు వచ్చి చెబుతావు. ఈ నాలుగింటికీ తెలిసినంతవరకు, తెలిసిన రోజే జవాబు చెప్పండని అధికారులను ప్రాధేయపడుతున్నాను. పూర్తిగా తేలాక చెబుదామని ఆగితే, చెప్పే నాటికి వినేవారి నమ్మకం పోతుంది, కొందరి ప్రాణాలూ పోతాయి.

ఇది కొత్తగా నేర్చుకోవలసిన విద్య కాదు. మా ఊళ్లో ఏటా జరుగుతూనే ఉంది. దసరా వెళ్లాక వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. మూడు లాంతర్ల దగ్గరున్న గుడి నుంచి కోట దాకా సిరిమాను, అంటే పూజారి కూర్చునే పొడవాటి మాను, మూడుసార్లు వెళ్లి వస్తుంది. లక్షల జనం. ఆ రోజు మైకులో ఎన్నో చెబుతాం, ఎవరూ వినరు. కానీ పిల్లవాడు తప్పిపోయాడని చెప్పామా, ఆ గోలలో కూడా జనం మాట ఆపి వింటారు. "నీలం చొక్కా వేసుకున్న నాలుగైదేళ్ల బాబు, ఊరు పేరు చెప్పలేకపోతున్నాడు, గంటస్తంభం దగ్గర పోలీసు శిబిరంలో ఉన్నాడు, తల్లిదండ్రులు వెంటనే రావాలి." అంతే. వాడి తండ్రి పేరు తెలిసేదాకా, ఏ మండలమో రూఢి అయ్యేదాకా ఎవరూ ఆగరు. తెలిసింది ముందు చెబుతారు, తెలియనిది తెలియదనే చెబుతారు, ఎక్కడికి రావాలో చెబుతారు. తల్లి వచ్చి ఎత్తుకునేదాకా మళ్లీ మళ్లీ చెబుతారు. దొరికాక, దొరికాడని కూడా చెబుతారు. వందల మంది ఊపిరి పీల్చుకుంటారు. జబ్బుల ప్రకటనలు ఇలా ఉండాలని నా కోరిక.

2024లో సిరిమాను అక్టోబర్ 15న జరిగింది. సరిగ్గా ఆ రోజుల్లోనే మన జిల్లా గుర్ల మండలంలో వాంతులు, విరేచనాలతో జనం మంచాన పడ్డారు, ప్రాణాలు పోయాయి. ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ గారు గుర్ల వచ్చి చూసి వెళ్లారు. విచారణకు పెద్ద అధికారిని వేశారు. ఇవన్నీ మీ పత్రికలోనూ వచ్చాయి. చనిపోయినవారు ఎందరన్న దగ్గర మాత్రం ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెప్పారు. ఎవరి లెక్క సరైనదో తేల్చేంతవాణ్ణి కాను. కానీ ఆ తేడాల వల్ల వీధుల్లో ఏమవుతుందో నాకు తెలుసు. చావుల లెక్క నమ్మనివాడు, అదే నోటితో నీళ్లు కాచుకోమని చెబితే దాన్నీ నమ్మడు. వాంతులు, విరేచనాలతో వెళ్లిన ముసలాయనకు ముందునుంచీ గుండెజబ్బు ఉంటే, కాగితం మీద చావుకు కారణం గుండె అని పడవచ్చు. వైద్యులకు అందులో న్యాయం ఉండవచ్చు. ఆయన రాత్రంతా ఎన్నిసార్లు బయటికి వెళ్లాడో చూసిన పక్కింటివాళ్లకు అది దాపరికంలాగే కనిపిస్తుంది. అందుకే లెక్క చెప్పేటప్పుడు అది ఎలా కట్టారో కూడా రెండు ముక్కల్లో చెప్పాలి. "విరేచనాలతో ఇంతమంది పోయారు, వీరిలో ఇంతమందికి వేరే జబ్బులూ ఉన్నాయి, ఇంకా ఇంతమంది సంగతి పరీక్షిస్తున్నాం" అంటే ఎవరికైనా అర్థమవుతుంది.

డెంగీ లెక్కలదీ ఇదే గొడవ. ఊళ్లో ప్రతి ప్రైవేటు ఆసుపత్రిలో మంచాలు నిండి ఉంటాయి, పేపర్లో మాత్రం జిల్లా మొత్తానికి కేసులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని కనిపిస్తాయి. దాస్తున్నారని జనం అనుకుంటారు. మా అమ్మాయి నర్సింగ్ చదివింది. అసలు సంగతి తనే చెప్పింది. ప్రైవేటులో చాలాచోట్ల అరగంటలో ఫలితం వచ్చే కార్డు పరీక్ష చేస్తారు. ప్రభుత్వం మాత్రం ల్యాబులో చేసే ఎలీసా అనే రక్తపరీక్షలో తేలినదాన్నే ఖాయమైన కేసుగా రాస్తుంది. మధ్యలో ఉన్నవి అనుమానిత కేసులు. ఈ ఒక్క సంగతి నాకు తెలియడానికి ఇన్నేళ్లు పట్టిందంటే, దాసన్నపేటలో కూరగాయలమ్మే అప్పమ్మకో, రిక్షా తొక్కే తాతకో ఎవరు చెబుతారు? "మీ వార్డులో కార్డు పరీక్షలో ఇందరికి వచ్చింది, ఎలీసాలో ఇందరికి ఖాయమైంది, ఇన్ని ఫలితాలు రావాలి" అని మూడు అంకెలు మైకులో చెప్పించండి. పెద్ద అంకె విని జనం పారిపోరు. దాచిన అంకె బయటపడితేనే పారిపోతారు.

అసలు డెంగీలో అన్నిటికన్నా ముందు చెప్పవలసిన మాట ఏ కాగితంలోనూ నాకు కనబడలేదు. జ్వరం తగ్గినప్పుడే ప్రమాదం మొదలయ్యే అవకాశం ఉంది. మూడో రోజు నుంచి ఏడో రోజు లోపల జ్వరం దిగుతుంది, ఇంట్లోవాళ్లు హమ్మయ్య అనుకుంటారు. అప్పుడే కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, మత్తుగా పడి ఉండటం, వీటిలో ఏది కనిపించినా ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్లాలి. ఒళ్లు నొప్పులని ఆస్పిరిన్, బ్రూఫెన్, డైక్లోఫెనాక్ బిళ్లలు వేసుకోకూడదు, రక్తస్రావం పెరుగుతుంది. జనం మాత్రం ప్లేట్‌లెట్ల అంకె పట్టుకుని అప్పులు చేసి తిరుగుతున్నారు, బొప్పాయి ఆకు కోసం దొడ్లు వెతుకుతున్నారు. "పరిసరాలు పరిశుభ్రంగా ఉంచుకొనవలెను" అన్న వాక్యానికి పట్టే సమయంలోనే "జ్వరం తగ్గాక కడుపునొప్పి వస్తే వెంటనే ఆసుపత్రికి రండి" అని చెప్పవచ్చు. శుక్రవారం డ్రై డే, నీళ్ల తొట్లు ఖాళీ చేసి ఆరబెట్టమంటున్నారు, మంచిదే. వారానికి ఒక్కసారి ఎందుకన్నది కూడా చెబితే ఇంకా మంచిది. గుడ్డు దోమై ఎగరడానికి దాదాపు వారం, పది రోజులు పడుతుంది. వారం లోపల తొట్టి కడిగేస్తే అది దోమ కాలేకపోతుంది. కారణం తెలిసిన ఇల్లాలు ఎవరూ చెప్పకపోయినా కడుగుతుంది.

ఇక నా వృత్తికి సంబంధించిన లెక్క ఒకటి చెబుతాను, కాగితం రాసేవారికి పనికొస్తుంది. ఆటో గంటకు పది కిలోమీటర్ల చొప్పున పోతే సెకనుకు మూడు మీటర్లకు కొంచెం తక్కువ. ఇరుకు వీధిలో ఒక ఇంటివాళ్లకు నా మాట స్పష్టంగా వినిపించేది ఇటు ముప్పై, అటు ముప్పై మీటర్ల మేర. అంటే ఇరవై సెకన్లు. నిదానంగా చదివితే ఇరవై సెకన్లలో నలభై మాటలు. "పట్టణ ప్రజలకు తెలియజేయునది ఏమనగా" అని మొదలుపెట్టేసరికి నాలుగు మాటలు అయిపోతాయి. నూటయాభై మాటల కాగితం ఇస్తే ఏ ఇంటికీ పూర్తిగా అందదు. ఒక ఇంటికి తల, ఇంకో ఇంటికి తోక. కాబట్టి నలభై మాటల్లో అయిపోవాలి, ఎక్కడ విన్నా అర్థం కావాలి.

నన్నే రాయమంటే ఇలా రాస్తాను: "ట్యాంకు వీధి, బడి వెనక వీధి వాళ్లు వినండి. నిన్నటి నుంచి ఈ రెండు వీధుల్లో పన్నెండు మందికి నీళ్ల విరేచనాలు. కారణం ఇంకా తెలీదు. కొళాయి నీళ్లు మరిగించకుండా తాగొద్దు. జబ్బు చేస్తే ఓఆర్ఎస్ తాగుతూ వార్డు సచివాలయానికి రండి. రేపు సాయంత్రం మళ్లీ వచ్చి చెబుతాను." ఇందులో జనాన్ని బెదరగొట్టే మాట ఏముంది? చివరి మాట అన్నిటికన్నా ముఖ్యం. రేపు వస్తానన్నవాడు రేపు నిజంగా రావాలి. కొత్త సంగతి లేకపోతే లేదని చెప్పడానికైనా రావాలి.

వేళ కూడా ముఖ్యం. నన్ను బండి తీయమనేది పొద్దున పదిన్నరకు. కార్యాలయాలు తెరిచాక కాగితం మీద సంతకం అయి, నా చేతికొచ్చేసరికి అంతవుతుంది. అప్పటికి కొళాయి వచ్చి వెళ్లిపోయింది. బిందెలు, డ్రమ్ములు నిండిపోయాయి, అన్నం వండేశారు, పిల్లల సీసాల్లో పోసి బడికి పంపేశారు. జూట్ మిల్లుకో మేస్త్రీ పనికో వెళ్లేవాళ్లు ఎప్పుడో వెళ్లిపోయారు. నేను ఖాళీ ఇళ్లకూ ముసలివాళ్లకూ చెప్పి వస్తున్నాను. నీళ్ల జబ్బు కబురు నీళ్లకంటే ముందు వీధిలోకి రావాలి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా మైకు వాడకూడదన్నది నిజమే, కానీ ప్రజా అత్యవసర పరిస్థితికి 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లోనే మినహాయింపు ఉంది. వీధిలో పదిమంది మంచాన పడితే అది అత్యవసరమే. పొద్దున్నే చెత్తబండి పాట పెట్టుకుని గడప గడపకూ వస్తోంది, ఆ పాట ఆపి ఈ నలభై మాటలు వేయవచ్చు. గుడి మైకు ఉంది, మసీదు మైకు ఉంది, చర్చి మైకు ఉంది. అడిగితే కాదనేవారిని నేను చూడలేదు. ఇటుకబట్టీలకు ఒడిశా నుంచి కుటుంబాలతో వచ్చినవాళ్లున్న చోట ఒడియాలో కూడా చెప్పాలి.

కారణం తెలియకుండా ఎలా చెబుతామని ఒక ఊళ్లో ఒక అధికారి నన్నే అడిగారు. ఆయన నిజాయితీగానే అడిగారు, కాబట్టి నిజాయితీగానే జవాబు రాస్తున్నాను. 1854లో లండన్‌లో కలరా పాకినప్పుడు జాన్ స్నో అనే వైద్యుడు చనిపోయినవారి ఇళ్లు ఎక్కడెక్కడున్నాయో ఆరా తీసి, బ్రాడ్ స్ట్రీట్‌లో ఉన్న ఒక చేతిపంపు దగ్గరికి వేలు చూపించాడు. పంపు పిడి తీసేశారు. కలరాకు కారణమైన క్రిమి ఏదో ఆనాటి వైద్యలోకం ఇంకా ఒప్పుకోనే లేదు. ఏ పంపు అన్నది తెలిస్తే చాలింది.

మన రాష్ట్రంలోనే ఏలూరు సంగతి చూడండి. 2020 డిసెంబర్ మొదటి వారంలో ఉన్నట్టుండి జనం మూర్ఛలొచ్చి పడిపోవడం మొదలైంది. 600 మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు, ఒకరు చనిపోయారు. ఎక్కువమంది ఒకటి రెండు రోజుల్లోనే కోలుకున్నారు. రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఢిల్లీ ఎయిమ్స్ నుంచి నివేదిక వచ్చింది. తరవాత పురుగుమందుల అవశేషాలన్నారు. ఈలోపల నీళ్లన్నారు, బ్లీచింగ్ అన్నారు, కూరగాయలన్నారు. ఆ రోజుల్లో ఇక్కడ విజయనగరంలో కూడా నన్ను ఆపి ఏలూరు జబ్బు మనకొస్తుందా అని అడిగేవారు. శాస్త్రవేత్తల మాట రోజురోజుకూ మారడం తప్పు కాదు, పరీక్షలు చేసేకొద్దీ తెలుస్తుంది. కానీ అది మారవచ్చని మొదటి రోజే చెప్పి ఉంచాలి. "ఇంకా తెలియదు. నమూనాలు ఫలానా చోటికి పంపాం. ఎల్లుండి తెలుస్తుంది. అప్పటిదాకా ఇది చేయండి." ఇలా చెప్పినవాడి మాట ఎల్లుండి మారినా నిలబడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో ఇచ్చిన సూచనల్లో కూడా ముందుగా ప్రకటించడం, దాపరికం లేకపోవడం ఉన్నాయని మా అమ్మాయి చెప్పింది. ఆ సంస్థ చెప్పకపోయినా నేనిదే రాసేవాణ్ణి.

వీధి పేరు చెబితే ఆ వీధివాళ్లను వెలివేస్తారన్న భయం మరొకటి. అది ఉత్తి భయం కాదు. కరోనా రోజుల్లో ఇళ్ల ముందు కర్రలు కట్టి, తలుపుల మీద కాగితాలు అంటించారు. పాలవాడు రాడు, పలకరించేవాడు లేడు. 2020 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు కూడా అలా ఇళ్ల ముందు పోస్టర్లు అంటించనక్కర్లేదని చెప్పింది. అయితే మనిషి పేరు చెప్పకుండా చోటు చెప్పే పద్ధతి ఉంది. 2020 మార్చిలో కేరళలోని పతనంతిట్ట జిల్లావాళ్లు, జబ్బు చేసినవారి పేర్లు రాయకుండా, వారు ఏ రోజు ఏ వేళకు ఏ దుకాణంలో, ఏ బ్యాంకులో ఉన్నారో ఒక పటంలా వేసి ఊరంతా పంచారు. ఆ వేళకు అక్కడ ఉన్నవాళ్లు ఫోన్ చేయండన్నారు. 2018లో నిపా వైరస్ జబ్బు వచ్చి కోళికోడ్, మలప్పురం వైపు 17 మంది చనిపోయినప్పుడు అక్కడి ఆరోగ్యమంత్రి శైలజ గారు రోజూ విలేకరుల ముందుకు వచ్చి ఆనాటి సంగతి ఆనాడే చెప్పారు. చెప్పినందుకు అక్కడి జనం లక్షల్లో ఊళ్లు వదిలి పోలేదు. 1994లో సూరత్‌లో ప్లేగు వచ్చిందన్న వార్తకు లక్షల మంది ఊరొదిలి పోయారు, మందుల దుకాణాల్లో టెట్రాసైక్లిన్ బిళ్లలు దొరకలేదు. ఒడిశాలోని గంజాం జిల్లావాళ్లు ఎందరో అక్కడి మగ్గాల మీద పనిచేస్తారు. ఏది నిజమో నమ్మకంగా చెప్పే గొంతు లేకపోతే కూలిమనిషి చేయగలిగింది రైలెక్కడమే.

మన పెద్దల పద్ధతి కూడా ఒకటి గుర్తుచేయాలి. పైడితల్లి కథలో, బొబ్బిలి యుద్ధం నాటికి విజయనగరం రాజుగారి చెల్లెలు పైడిమాంబ మశూచితో మంచాన ఉందని స్థలపురాణం చెబుతుంది. అమ్మవారు పోసిన ఇంటికి వేపమండ కట్టేవారు. అది చూసి బయటివాళ్లు లోపలికి వెళ్లేవారు కాదు, పిల్లలను పంపేవారు కాదు, కానీ ఆ ఇంటిని ఎవరూ అసహ్యించుకునేవారు కాదు. గుమ్మం బయట చల్లో, పెరుగన్నమో పెట్టి వెళ్లేవారని మా అమ్మ చెప్పేది. జాగ్రత్త ఉంది, గౌరవమూ ఉంది. మశూచి మన దేశంలో 1975తో పోయింది. ఆ మర్యాద మాత్రం పోకూడదు. నేను మైకులో వీధి పేరు చదివేటప్పుడు "ఆ వీధివాళ్లకు మంచినీళ్లు, మందులు మనం అందిద్దాం" అన్న ఒక్క మాట పక్కన ఉంటే చాలు, వినేవారి చూపు మారుతుంది.

నీళ్ల గురించి ఇంకొంచెం రాయాలి, మన ఊళ్లలో ఎక్కువ ప్రాణాలతో ముడిపడింది అదే. కొళాయి రోజంతా రాదు. నీళ్లు ఆగిపోయిన గంటల్లో గొట్టం ఖాళీగా ఉంటుంది, పక్కనే మురుగుకాలువ పోతుంటే, గొట్టానికి చిన్న పగులున్నా ఆ మురుగు లోపలికి లాగుతుంది. మళ్లీ కొళాయి తిప్పగానే ముందు వచ్చేది అదే. ఇది చెబితే ఏ ఇల్లాలైనా మొదటి బిందెడు పారబోస్తుంది, నీళ్ల రంగు, వాసన చూసి మున్సిపాలిటీకే ఫోన్ చేస్తుంది. చెప్పకుండా ఒకరోజు క్లోరిన్ ఎక్కువ కలిపితే, ఆ వాసనకు భయపడి మంచి నీళ్లు పారబోసి పాతబావి నీళ్లు తెచ్చుకుంటుంది. "రేపు నీళ్లలో మందు వాసన వస్తుంది, భయం లేదు" అని ముందురోజు చెప్పడం ఎంత సేపు? కొళాయి చివర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలట. చిన్న గొట్టంలో నీళ్లు పట్టి రెండు చుక్కల మందు వేస్తే పసుపు రంగు వస్తుంది, రాకపోతే క్లోరిన్ లేనట్టు. ఆ పరీక్ష ఎక్కడో గదిలో చేసి నీళ్లు సురక్షితమని ప్రకటించేకంటే, వీధి చివరి కొళాయి దగ్గర, బిందెలు పట్టుకున్న ఆడవాళ్ల ముందు సచివాలయం సిబ్బంది చేసి చూపించాలి. పసుపు రంగు వాళ్ల కళ్లతో చూశాక నా మైకు అక్కర్లేదు, వాళ్లే వీధంతా చెబుతారు.

మరిగించమని చెప్పడం సులువు. ఐదుగురున్న ఇంట్లో తాగే నీళ్లన్నీ మరిగించడానికి ఎంత గ్యాసు కాలుతుందో చెప్పేవారు ఆలోచించాలి. బాగా తెర్లాక ఒక్క నిమిషం చాలునని చెబితే కొంత మిగులుతుంది. క్లోరిన్ బిళ్లలు పంచితే ఎన్ని లీటర్లకు ఒకటో, ఎంతసేపు ఆగి తాగాలో ఇచ్చేటప్పుడే చెప్పాలి. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లకు ఒకటి. గ్లాసులో కొంచెం కొంచెం కలపకూడదు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోతే, దిలీప్ మహలనబిస్ అనే వైద్యుడు ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పోసి, రోగుల ఇంటివాళ్ల చేతనే తాగించాడు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు వచ్చాయి. ఎలా కలుపుకోవాలో రేడియోలోనూ చెప్పించారట. చెప్పింది అర్థమైతే చదువులేని తల్లులైనా బిడ్డలను దక్కించుకోగలరు. సరైన మాట సరైన వేళకు అందితే మా వీధుల తల్లులూ అంతే చేస్తారు.

వాట్సాప్ నాకంటే ముందు వస్తోంది. "మా బావ ఆసుపత్రిలో చేస్తున్నాడు, ఫలానా వీధిలో ముగ్గురు పోయారట" అని ఎవరిదో గొంతు. 2020లో కోడిమాంసం తింటే కరోనా వస్తుందన్న పుకారు ఇలాగే పాకి ఎన్ని కోళ్లఫారాలను ముంచిందో మనం చూశాం. ఆ గొంతును ఎందుకు నమ్ముతారు? అందులో వీధి ఉంది, అంకె ఉంది, తెలిసిన యాస ఉంది. మా ప్రకటనలో ఆ మూడూ లేవు. పుకార్లు నమ్మవద్దని మైకులో ఎంత అరిచినా లాభం లేదు, ఆ వీధి పేరే పట్టుకుని, అక్కడ అసలు జరిగిందేమిటో మన యాసలో చెప్పాలి.

మరొక లోటు. జబ్బు తగ్గిందని ఎవరూ ప్రకటించరు. మొదలైనప్పుడు ఒకసారి తిప్పుతారు, అంతే. గొట్టం బాగుచేశారా, ఆ నీళ్లు ఇప్పుడు తాగొచ్చా అన్నది నన్ను నెలల తరవాత కూడా అడుగుతూనే ఉంటారు. తెలియక డబ్బా నీళ్లకు రోజూ ఇరవై రూపాయలు పోసేవాళ్లు, కూలి డబ్బుల్లోంచి పోసేవాళ్లు ఉన్నారు. బాగుచేసిన రోజున, ఏ గొట్టం ఎక్కడ పగిలిందో, ఎప్పుడు మార్చారో, నీళ్ల పరీక్ష ఏం చెప్పిందో అదే బండి మీద, అవే వీధుల్లో చెప్పించండి.

మీ పత్రికకూ ఒక మనవి. జిల్లా పేజీలో "ప్రబలిన", "విజృంభిస్తున్న", "బెంబేలెత్తుతున్న" అన్న శీర్షికలు వద్దనను, పరిస్థితి అలా ఉంటే అలాగే రాయండి. వాటి కింద రోజూ ఒకే చోట చిన్న పెట్టె కట్టి ఇవ్వండి: ఏ వార్డు, ఎందరు, ఏ పరీక్షలో తేలింది, ఏ ఫలితం రావాలి, ఎక్కడికి వెళ్లాలి. నేను పొద్దున టీకొట్టు దగ్గర పేపరు చూసుకునే బండి తీస్తాను. అది ఉంటే, కాగితంలో లేని జవాబు కనీసం దానిలోంచి చదివి చెప్పగలను.

వచ్చే వానలకు ముందే ఈ నలభై మాటల కాగితాలు రాసి పెట్టుకోమని మున్సిపాలిటీలను, ఆరోగ్య శాఖను కోరుతున్నాను. విరేచనాలకు ఒకటి, డెంగీకి ఒకటి, కారణం తెలియని జబ్బుకు ఒకటి. వీధి పేరు, అంకె, రమ్మనే చోటు మాత్రం ఖాళీగా ఉంచండి, ఆ రోజు నింపుకోవచ్చు. రాసేటప్పుడు ఒక ఆశా కార్యకర్తను, ఒక ఏఎన్ఎంను, మైకు పట్టేవాడిని ఒకణ్ణి కూర్చోబెట్టుకోండి. రాసినదాన్ని ఒక వీధిలో చదివి, విన్నవాళ్లను ఏం అర్థమైందో అడగండి. ఈ కూర్చోవడానికీ, చదివి చూడటానికీ నేను డబ్బు తీసుకోను. తెల్లవారుజామున ఐదింటికి బండి తీయమన్నా తీస్తాను.

ఇట్లు,
మైకు ప్రచారం చేసుకునే మీ పాఠకుడు,
విజయనగరం.
(పేరు, ఫోన్ నంబరు ప్రచురించవద్దని మనవి.)